ఎలక్ట్రానిక్స్ చదివితే ఎయిర్‌ఫోర్సేనా?

‘ఎలక్ట్రానిక్స్ చదివి ఆర్మీకి ఎందుకు? తుపాకీ మోయడానికా? ఎయిర్‌ఫోర్స్ చూడు.’ పాలిటెక్నిక్ పిల్లలకు ఇంట్లోనూ, కోచింగ్ సెంటర్లలోనూ ఈ మాట నూరిపోస్తున్నారు. దీన్ని నమ్మి ఆర్మీ, నేవీ నోటిఫికేషన్లు వదిలేసుకున్న పిల్లలున్నారు. అగ్నివీర్ వయోపరిమితి ఇరవై దాటిన ఒకటి రెండేళ్లకే ముగుస్తుంది. ఆ తర్వాత ఏడ్చినా లాభం లేదు.

ఆర్మీలో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) కోర్ 1943 నుంచీ ఉంది. దాని ప్రధాన కళాశాల ఎక్కడో లేదు, సికింద్రాబాద్ తిరుమలగిరిలోనే ఉంది. రాడార్లు, క్షిపణి వ్యవస్థలు, ట్యాంకు గురి చూసే యంత్రాంగం, రాత్రి చీకట్లో చూపునిచ్చే పరికరాలు పాడైతే బాగుచేసేది ఈఎంఈ వాళ్లే. మన మచిలీపట్నం బీఈఎల్‌లో తయారయ్యే నైట్ విజన్ పరికరాలు సైన్యం వాడేవే. ఇక రేడియో, శాటిలైట్, ఫైబర్ నెట్‌వర్కులన్నీ సిగ్నల్స్ కోర్ చేతిలో ఉంటాయి. ఇదంతా తుపాకీ మోయడమేనా?

నేవీలో అయితే యుద్ధనౌకల ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వ్యవస్థల పని జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సూరాలో నేర్పుతారు. తూర్పు నౌకాదళ కేంద్రాన్ని విశాఖలో పెట్టుకుని మనవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడం బాధగా ఉంది.

విమానాల ఏవియానిక్స్ మీదే మనసుంటే ఎయిర్‌ఫోర్స్ మంచి దారే. కానీ అగ్నివీర్‌గా చేరాక ఏ ట్రేడ్ అన్నది ఎయిర్‌ఫోర్సే నిర్ణయిస్తుంది. యూనిఫాం వేసుకోగానే సర్క్యూట్ బోర్డు చేతికి రాదు.

డిప్లొమా చెల్లదన్నది అబద్ధం: ఇంజినీరింగ్ డిప్లొమాతో ఎయిర్‌ఫోర్స్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఈత రాకపోతే నేవీకి వెళ్లొద్దని కొందరంటారు, కానీ ఈత శిక్షణలోనే నేర్పుతారు. డబ్బిస్తే టెక్నికల్ ట్రేడ్ ఇప్పిస్తామనేవాడు మోసగాడు.

‘నాలుగేళ్లలో ఏం నేర్చుకుంటారు?’ అన్న మాటను మాత్రం కొట్టిపారేయలేను. 2022లో అగ్నిపథ్ వచ్చినప్పటి నుంచి సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం. శిక్షణ కాలం పోను మిగిలిన సమయంలో రాడార్ మరమ్మతు చేతికి పూర్తిగా అలవడదు. అందుకే బీటెక్ చదవగలిగినవాళ్లు అది పూర్తిచేసి అధికారిగా వెళ్లడం మేలు: ఆర్మీ టెక్నికల్ ఎంట్రీ, నేవీ ఎలక్ట్రికల్ బ్రాంచ్, ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ద్వారా ఎయిర్‌ఫోర్స్ టెక్నికల్ బ్రాంచ్ ఉన్నాయి.

డిప్లొమాతో ఆగేవాళ్లు అర్హత ఉన్న ప్రతి దళానికీ దరఖాస్తు పెట్టండి. ట్రేడ్ ఎలా కేటాయిస్తారో నోటిఫికేషన్‌లో చదవండి. రంగులు గుర్తించే పరీక్ష కంటి డాక్టరు దగ్గర ముందే చేయించుకోండి. లోపం బయటపడితే, ఏ దళం ఎంతవరకు ఒప్పుకుంటుందో చూసుకుని మరీ ఫారం నింపండి.