పాత వంతెనకు యజమాని ఎవరు?

హేవలాక్ వంతెన తుక్కు కాకుండా రాజమహేంద్రవరం అడ్డుపడింది. హంద్రీ, తుంగభద్ర ఒడ్డున మన వంతెనల సంగతేమిటి?

రైలు నడవని వంతెన రైల్వే లెక్కల్లో ఇనుము. ఎన్ని టన్నులు, టన్ను ఎంత, వేలం ఎప్పుడు, అంతే. 1997లో గోదావరి మీద కొత్త ఆర్చి వంతెన రైళ్లను మొయ్యడం మొదలుపెట్టగానే, 97 ఏళ్లు ఆ పని చేసిన హేవలాక్ వంతెన ఈ లెక్కలోకి వచ్చి పడింది. విప్పి అమ్మేద్దామన్న ఆలోచన వచ్చింది. రాజమండ్రి ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదో తెలియాలంటే వంతెన పుట్టుక దగ్గరికి వెళ్లాలి. బెజవాడ నుంచి కటకం వైపు తూర్పుతీరం రైలుమార్గం 1890లలో సిద్ధమవుతూ వచ్చింది. 1893కల్లా బెజవాడ దగ్గర కృష్ణను దాటేశారు. గోదావరి మాత్రం మధ్యలో మిగిలిపోయింది. కొవ్వూరులో రైలు దిగడం, సామానుతో సహా నీళ్ల మీద ఆవలికి చేరడం, అక్కడ ఇంకో రైలెక్కడం. వరదకాలంలో ఆ ప్రయాణం ఎలా ఉండేదో గోదారి వాళ్లకు చెప్పనక్కర్లేదు.

1897 నవంబరు 11న పని మొదలైంది. 1900 ఆగస్టు 30న రైలు దాటింది. మూడేళ్లు కూడా పట్టలేదు. ఒక్కొక్కటి 45.7 మీటర్ల వెడల్పున 56 ఖానాలు. రాతి స్తంభాలు, మీద ఉక్కు గర్డర్లు, రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. పనికి పెద్ద ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టించినవాడు; ఇప్పుడు దాన్ని మాలవీయ వంతెన అంటున్నారు. హేవలాక్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆయనేం చేశాడో ఇవాళ రాజమండ్రిలో ఎవరినడిగినా చెప్పలేరు. చెప్పాల్సిన అవసరమూ లేదు. జనం కాపాడుకున్నది గవర్నరు జ్ఞాపకాన్ని కాదు.

ఇసుక నదిలో స్తంభం నిలబెట్టడం ఎలాగన్నది అసలు ముచ్చట. ఇలాంటి నదుల్లో బావులు దింపుతారు. నీరు తగ్గిన రోజుల్లో ఇసుక మీద ఇనుప కట్టు పెట్టి, దానిపై గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుకను తోడుతూ పోతే గోడ తన బరువుకు తానే కిందికి జారుతుంది. జారినకొద్దీ పైన ఇంకొన్ని వరసలు కడతారు, మళ్లీ తోడతారు. ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క తవ్వి సరిచెయ్యాలి. గట్టి నేల తగిలాక లోపల నింపి మూసేసి, దానిమీద స్తంభం లేపుతారు. ఇదంతా ఒక్క వేసవిలో తెమిలేది కాదు. వరద వచ్చేలోగా ఎంతవరకు దింపగలమన్నదే రోజూ లెక్క. బావిలోకి దిగి తోడిన కూలీల పేర్లు ఏ రాతిమీదా లేవు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన 1986 ఆగస్టు వరదలోనూ ఆ పునాదులు కదల్లేదు. వరద తర్వాత ఇంకో పదకొండేళ్లు రైళ్లు నడిచాయి.

అలాంటి కట్టడాన్ని టన్నుల్లో తూచబోతే ఊరికి కోపం రాదా? కోపం ఒక్కటే అయితే నాలుగు రోజుల్లో చల్లారేది. మామూలుగా ఒక మాట మీద నిలవని మనుషులు ఇక్కడ ఒక్కచోట చేరారు. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు, పర్యాటకం పెరిగితే వ్యాపారం పెరుగుతుందనుకున్నవాళ్లు, గోదావరి మీద నడిచే దారి ఒకటి ఉంటే చాలనుకున్నవాళ్లు. అప్పట్లో ఎంపీగా ఉన్న ఉండవల్లి అరుణ్‌కుమార్ లాంటి రాజకీయ నాయకులు ఆ మాటను ఢిల్లీ దాకా తీసుకెళ్లారు. కోరిక చిన్నది, స్పష్టమైనది: విప్పొద్దు, మాకివ్వండి.

విప్పలేదు. అక్కడివరకు గెలుపే. కానీ ఆ తర్వాత జరిగింది చూస్తే నాకు సంతోషం సగమే మిగులుతుంది. ‘మాకివ్వండి’ అన్నప్పుడు ఆ ‘మాకు’ ఎవరు? రైల్వేనా, పర్యాటక శాఖా, నగరపాలక సంస్థా? ఎంతకు ఇవ్వాలి, ఇచ్చాక రంగు ఎవరు వెయ్యాలి, తుప్పు ఎవరు గీకాలి? ఈ బేరాల్లో ఏళ్లు గడిచాయి. 2003 పుష్కరాలు వచ్చి వెళ్లాయి, 2015 పుష్కరాలూ వెళ్లాయి. చివరికి 2025 జూన్ 26న, కేంద్రం నిధులతో రూ.94.44 కోట్ల అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. హేవలాక్ వంతెనను బాగుచేసి జనానికి తెరవడం అందులో ముఖ్యమైన పని. ఆఖరి రైలుకూ ఆ శంకుస్థాపనకూ మధ్య 28 ఏళ్లు. ఇనుముకు ఈ కాలహరణం తెలుస్తుంది. రైలు నడిచే వంతెనకు రోజూ చూసే గ్యాంగు ఉంటుంది. రైలు ఆగిపోతే ఆ కళ్లు కూడా పోతాయి.

అమెరికాలో హడ్సన్ నది మీద పోకిప్సీ రైలు వంతెనది ఇంచుమించు ఇదే కథ. 1889లో తెరిచారు, పొడవు రెండు కిలోమీటర్లు. 1974లో మంటలంటుకున్నాక రైళ్లు ఆపేశారు. ఏళ్ల తరబడి దాన్ని వదిలించుకోవాలని చూసినవాళ్లే తప్ప కావాలన్నవాళ్లు లేరు. 1992లో స్థానికులు కొందరు సంఘంగా ఏర్పడి నడకదారి చేస్తామన్నారు. 2009 అక్టోబరులో తెరిచారు. మన కథకూ దానికీ తేడా ఒక్కచోట ఉంది. అది ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రపు పార్కు. అంటే దానికొక యజమాని ఉన్నాడు, ఆ యజమానికి ఏటా ఒక బడ్జెట్టు ఉంది.

మన దగ్గర హైదరాబాదు పురానాపూల్ ఇంకో దారిలో బతికింది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన 22 ఖానాల రాతి వంతెన. భాగమతి కోసం నది ఈదుతున్న కొడుకు మీద బెంగతో కట్టించాడని కథ. ఆ కొడుకు మహమ్మద్ కులీ పుట్టింది 1565లో. వంతెన పూర్తయ్యేనాటికి పదమూడేళ్ల పిల్లాడు. కథ బాగుంది, లెక్క కుదరదు. 1908 మూసీ వరదను ఆ వంతెన తట్టుకుంది. తర్వాత వాహనాలు పక్క వంతెనకు మళ్లాయి, పాతదాని మీద కూరగాయల బండ్లు వెలిశాయి. వారసత్వ ప్రేమికులకు ఆ అంగడి నచ్చదు. నాకు మరీ అంత అభ్యంతరం లేదు. రోజూ వెయ్యి మంది తిరిగేచోట రాయి ఊడితే ఎవరో ఒకరు చూస్తారు.

ఇక్కడో హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. జనాన్ని రానిస్తే సరిపోదు. గుజరాత్ మోర్బీలో పాత వేలాడే వంతెనకు మరమ్మతు చేశామని 2022 అక్టోబరు 26న తెరిచారు. నాలుగు రోజులకే కూలింది, 135 మంది చనిపోయారు. మనకు ఎగువన తుంగభద్రలోనే, హంపి విఠలాలయం దగ్గర విజయనగరం నాటి వంతెన రాతి స్తంభాలు ఇంకా నిలిచి ఉన్నాయి. కొంచెం అవతల ఆనెగొంది వైపు కడుతున్న కొత్త వేలాడే వంతెన 2009 జనవరిలో కూలి కూలీలు చనిపోయారు. పాతదైనా కొత్తదైనా, ఎంత బరువు మోస్తుందో తేల్చే ఇంజనీరు సంతకం లేకుండా గేటు తియ్యకూడదు. వంతెన కావాలని కొట్లాడేవాళ్లే ఈ కాగితం కూడా అడగాలి. సాధారణంగా అడగరు.

ఇప్పుడు మన కర్నూలు వైపు వద్దాం. గోదావరి కథ ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి వాళ్లకెందుకంటారా? ఇదే రైల్వే చరిత్ర మన గుండా కూడా నడిచింది కాబట్టి, అదీ హేవలాక్ కంటే దాదాపు ముప్పై ఏళ్ల ముందు. మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని మీదుగా వచ్చిన పట్టాలు, బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ కలయిక కోసం తుంగభద్రకు వంతెన పడింది. ఆదోని పత్తి రైలెక్కి బొంబాయి చేరిందంటే దాని మీదుగానే. మంత్రాలయం రోడ్డు స్టేషన్లో దిగే రాఘవేంద్రస్వామి భక్తుల్లో, ఉత్తరం నుంచి వచ్చేవాళ్లంతా ఆ నదిని రైల్లోనే దాటుతారు. ఆ దాటడానికి నూట యాభై ఏళ్ల చరిత్ర ఉందని స్టేషన్లో ఒక్క బోర్డు పెట్టడానికి కోట్లు అక్కర్లేదు.

మనకున్న రెండో పాత కట్టడం కర్నూల్లో ఉంది. కృష్ణగిరి ప్రాంతపు వంకల నీళ్లు కలుపుకొని హంద్రీ కర్నూలు చేరేచోట, నది మీదుగా ఇంకో ప్రవాహం అడ్డంగా పోతుంది. అది కేసీ కాలువ. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా తవ్వించింది. సాగుకూ, పడవలకూ పనికొస్తుందని ఆర్థర్ కాటన్ చూపించిన ఆశతో మొదలై, కంపెనీకి నష్టం మిగిల్చి, 1882లో ప్రభుత్వం చేతికొచ్చింది. కాలువను హంద్రీ దాటించిన ఆ నీటివంతెనను కర్నూలు వాళ్లు రోజూ చూస్తారు. చూడ్డానికి వచ్చేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. మంత్రాలయాన్నీ కర్నూలునూ ముంచెత్తిన 2009 అక్టోబరు 2 వరద తర్వాత అందరూ కరకట్టల గురించే మాట్లాడారు, నది మీది పాత కట్టడాల జాబితా ఒకటి రాద్దామన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు.

పెద్దవాటికే ఈ గతి అయితే పాత రోడ్ల మీది చిన్న కమాను వంతెనల్ని అడిగేదెవరు? వాటి శత్రువులు కూడా చిన్నవే. రాళ్ల సందులో మొలిచిన రావిమొక్క. సున్నం గచ్చు మీద పూసిన సిమెంటు. లోపలి తడిని బయటికి పోనివ్వక అది రాతినే తింటుంది. స్తంభాల చుట్టూ ఇసుక తవ్వకం. బావి పునాదికి ఇసుకే బలం, దాన్ని లారీలకెత్తాక వంతెన దేనిమీద నిలుస్తుంది? వీటిని మించింది రోడ్డు వెడల్పు పని: టెండరు పిలిచాక చెప్పినా వినేవాడుండడు, పిలవకముందు చెబితే కొత్త వంతెనను పది మీటర్లు పక్కకు జరపడం పెద్ద పనేం కాదు. అహ్మదాబాదులో 1892 నాటి ఎల్లిస్ వంతెనను అలాగే ఉంచి, ఇరుపక్కలా కొత్తవి కట్టారు.

చట్టం ఉంది. 1958 కేంద్ర చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కట్టడం రక్షణకు అర్హం. రాష్ట్రానికీ 1960 నాటి చట్టముంది. కానీ అర్హత దానంతటదే రక్షణ కాదు, ఎవరో అర్జీ పెట్టాలి. పెట్టేముందు యజమాని తెలియాలి. తుంగభద్ర వంతెన రైల్వేది. హంద్రీ మీది నీటివంతెన జలవనరుల శాఖది. ఊరి రోడ్ల మీదివి కొన్ని ఆర్ అండ్ బీవి, కొన్ని పంచాయతీరాజ్‌వి, రోడ్డు దారి మారి వదిలేసినవి ఎవరివో కాగితం మీద కూడా తేలదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగదగిన ప్రశ్న ఇది: మా మండలంలో వందేళ్లు దాటిన వంతెనలు ఎన్ని, ఏ శాఖవి, చివరిసారి తనిఖీ ఎప్పుడు? కళాశాలల్లో ఎన్ఎస్ఎస్ పిల్లలు సెలవుల్లో తలా ఒక వంక పట్టుకుని ఫొటోలు, కొలతలు తీసుకొస్తే వాటి ఇప్పటి స్థితి వాళ్లే రాయగలరు. రాజమండ్రికి కాపాడుకోవాల్సిన పాత వంతెన ఒక్కటే కాబట్టి, అదీ కంటికి నిండుగా కనబడేది కాబట్టి, జాబితా అవసరం పడలేదు. మనకు ముందు అదే కావాలి.

గోదావరిలో తర్వాతి పుష్కరాలు 2027లో. హేవలాక్ మీద జనం నడిచేది అప్పటికా, ఆ తర్వాతా అన్నది పని వేగాన్ని బట్టి ఉంటుంది. రాజమండ్రి వాళ్లు అడగాల్సింది ప్రారంభోత్సవ తేదీ ఒక్కటే కాదు. 2028లో, 2030లో రంగుకీ తనిఖీకీ డబ్బు ఏ శాఖ పద్దులో ఉంటుందో కూడా ఇప్పుడే రాయించుకోవాలి.