మెదడు పనిని కొలుచుట ఎట్లు?

తలకు దెబ్బ తగిలి నెలల తరబడి ఉలుకు పలుకు లేక పడియున్న మనిషిని చూచి, "మన మాట ఇతనికి వినబడుచున్నదా?" అని ఇంటివారు అడుగుదురు. చాలకాలము వైద్యులు దీనికి బదులు చెప్పలేకపోయిరి. నేడు కొంతవరకు చెప్పగలుగుచున్నారు. అది ఎట్లో తెలుపుటకు ముందు మేము ఒక ఇటలీ రైతు సంగతి చెప్పవలసియున్నది.

ఆ రైతు పుర్రెకు గాయమై ఎముక కొంత ఊడిపోయెను. అచ్చట మెదడు నాడివలె కొట్టుకొనుట పైకే తెలియుచుండెను. ట్యూరిన్ నగర శాస్త్రజ్ఞుడు ఏంజెలో మోసో అతనిని పరీక్షించుచుండగా మధ్యాహ్నపు చర్చి గంట మ్రోగెను. వెంటనే ఆ కొట్టుకొనుట హెచ్చెను. ప్రార్థనవేళ యైనదని తనకు తోచినట్లు రైతు ఒప్పుకొనెను. 8ని 12తో హెచ్చవేయుమన్నప్పుడును అట్లే జరిగెను. మెదడు పనిచేసినచో నెత్తురు ఎక్కువగా వచ్చునని మోసో 1881లో ప్రకటించెను.

పుర్రె చెదరని వారిలో దీనిని చూచుట ఎట్లు? నెత్తురును ఎర్రగా నుంచు హీమోగ్లోబిను ప్రాణవాయువును మోయునప్పుడు అయస్కాంతమునకు లొంగదు. దానిని విడిచిన పిమ్మట కొద్దిగా లొంగును. ఈ సంగతిని 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కొరియెల్ కనుగొనిరి. దీని ఆధారముననే 1990లో సీజి ఒగావా ఎలుకల మెదడులో నెత్తుటి మార్పును ఎం.ఆర్.ఐ. యంత్రముతో పట్టుకొనెను. 1992 నాటికి మనుష్యులలోను సాధ్యమయ్యెను. దీనినే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. అందురు. దీనికి సూది అక్కరలేదు, ఎక్స్‌రే కిరణములును లేవు. అయితే బలమైన అయస్కాంతము గనుక ఇనుప వస్తువులను దరికి తేరాదు.

మడికి నీరు కావలెననగానే తూము ఎత్తినచో, మడి త్రాగినది పోను కాలువలో ఇంకను నీరు మిగులును. మెదడులోను అంతే. పనిచేయు భాగమునకు అవసరమునకు మించి నెత్తురు వచ్చును. ఆ మిగులునే యంత్రము గుర్తించును. అదియు అయిదారు సెకండ్లు ఆలస్యముగా. కనుక ఇది మనసులోని మాటను చదువు యంత్రమనుట పొరపాటు. ఇది చూచునది నెత్తురునే.

అయినను దీని ప్రయోజనము తక్కువది కాదు. 2006లో ఇంగ్లండున, రోడ్డు ప్రమాదము తరువాత స్పృహ లేదని తలచిన 23 ఏండ్ల యువతిని, టెన్నిస్ ఆడుచున్నట్లు, ఇంటి గదులలో తిరుగుచున్నట్లు ఊహించుకొమ్మనిరి. ఆరోగ్యవంతుల మెదడులో ఏయే భాగములు మేల్కొనునో ఆమెలోను అవియే మేల్కొనెను. 2010లో ప్రకటించిన పరీక్షలో అట్టి రోగులు 54 మందికి గాను 5గురు ఇట్లు ఊహించుకొనగలిగిరి. వారిలో ఒకడు టెన్నిస్ ఊహను 'అవును'గను, ఇంటి ఊహను 'కాదు'గను వాడి, తండ్రి పేరు మొదలగు ప్రశ్నలకు సరిగా బదులిచ్చెను.

మిగిలిన 49 మందికి తెలివి లేదని దీనివలన తేలదు. ఆ వేళ నిద్రలో నుండవచ్చును, చెవులు వినబడకుండవచ్చును, చెప్పినది అర్థము కాకపోయి యుండవచ్చును.