చిన్ననాటి గాయం, కాలేజీ వయసులో బాధ

ఇంటర్ వరకు బాగా చదివిన పిల్లవాడు యూనివర్సిటీ హాస్టల్లో చేరాక క్లాసులకు వెళ్లడం మానేస్తాడు. నిద్ర ఉండదు, తిండి సహించదు, చిన్న మాటకే కోపం వస్తుంది. ఇంట్లోవారు సోమరితనం అంటారు, చుట్టాలు గాలి సోకిందంటారు. అలా అనుకునే ముందు, చిన్నప్పుడు ఆ బిడ్డ మనసు గాయపడిందేమో ఆలోచించండి.

గాయాలంటే ఏవి? తీవ్రంగా కొట్టడం, నిత్యం అవమానించడం, లైంగిక వేధింపు, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం చూస్తూ పెరగడం వంటివి. అమెరికాలో 9,500 మందికి పైగా పెద్దవారిపై జరిపిన పరిశోధన 1998లో వెలువడింది. ఇలాంటి అనుభవాలు నాలుగు రకాలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారికి డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యాయత్నం వంటి ప్రమాదాలు 4 నుండి 12 రెట్లు ఎక్కువని తేలింది. అయితే గాయపడిన ప్రతి బిడ్డకూ జబ్బు వస్తుందని కాదు. ప్రేమగా ఆదుకునే పెద్దవారు ఒక్కరున్నా ఎంతో మేలు జరుగుతుంది.

కాలేజీలోనే ఎందుకు బయటపడుతుంది? భయంలో పెరిగిన బిడ్డ శరీరం ఎప్పుడూ ప్రమాదాన్ని ఎదురుచూస్తూ ఉంటుంది. కొత్త ఊరు, పరీక్షలు, ఒంటరితనం కలిసినప్పుడు అణగి ఉన్న భయం పైకి లేస్తుంది.

మీరు చేయవలసినవి:

1. తిట్టకుండా, తొందరపెట్టకుండా వినండి.
2. బంధువే వేధించాడని బిడ్డ చెబితే నమ్మండి. పరువు కోసం నోరు మూయించకండి.
3. తప్పు మీ ఇంట్లోనే జరిగి ఉంటే, "నువ్వు బాధపడింది నిజమే, తప్పు నీది కాదు" అని చెప్పండి.
4. మానసిక వైద్యునికి చూపించండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరును అడగకుండా ఆపకండి.
5. ప్రార్థన చేయండి, వైద్యమూ చేయించండి. ఒకటి చేస్తున్నామని రెండవది మానవద్దు.

"చచ్చిపోతాను" అన్న మాటను బెదిరింపుగా తీసుకోకండి. బిడ్డను ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, మాత్రలు అందకుండా దాచి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

విరిగిన చేతికి కట్టు కట్టించడానికి మనం సిగ్గుపడం. మనసుకు వైద్యం చేయించడానికీ సిగ్గుపడనవసరం లేదు.