నల్లవాళ్ల హోటళ్లకొక జాబితా

1936లో హార్లెంకు చెందిన నల్లజాతి పోస్ట్‌మ్యాన్ విక్టర్ హ్యూగో గ్రీన్ ఒక చిన్న పుస్తకం వేశాడు. నల్లవాళ్లకు అన్నం పెట్టే హోటళ్లు, పడుకోనిచ్చే లాడ్జీల జాబితా అది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనకు దాని అవసరం విడమర్చి చెప్పక్కర్లేదు.

2016లో ఎడ్వర్డ్స్ దంపతులు బ్రూక్లిన్‌లో మొదలుపెట్టిన ఈట్‌ఓక్రా యాప్ కూడా నల్లవాళ్లు నడిపే హోటళ్ల జాబితానే. (ఓక్రా అంటే బెండకాయ, బానిసలతోపాటే ఆఫ్రికా నుంచి వచ్చింది.) అయితే 1964 పౌరహక్కుల చట్టం తర్వాత ప్రశ్న మారింది: తిండికి పెట్టే డబ్బు ఎవరి గల్లాపెట్టెలో పడుతుంది? డెలివరీ కంపెనీలు బిల్లులో 30 శాతం దాకా లాగేస్తే చిన్న హోటలుకు మిగిలేదేంటి? యాప్ గిరాకీని గుమ్మం దాకా తెస్తుంది.

చిక్కల్లా దాని సొంత రాబడితోనే. హోటళ్ల దగ్గర కమిషన్ తీసుకుంటే అదీ దళారీయే. పెద్ద కంపెనీల ప్రకటనలంటారా, 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత పొంగిన సానుభూతి చల్లారితే అవీ ఆగిపోవచ్చు.