వీధిలో అక్షరాలు: ఒకే ఫాంటు దాటి చదివించడం

మన బడిలో మూడేళ్లు చదివిన ఒక పాప కిందటి వేసవిలో ఖమ్మం వెళ్లింది. క్లాసులో పాఠం గడగడా చదివే పిల్ల. బస్టాండులో తాతయ్య "బోర్డు మీద ఏముందో చదువమ్మా" అంటే మాత్రం నోరు మెదపలేదట. పెయింటరు 'ఖమ్మం' అని కుంచెతో లావుగా రాసి, మవత్తు తోకని సున్నా కిందిదాకా లాగాడు. అది పాపకి ముగ్గులా కనిపించింది. వాళ్లమ్మ ఈ సంగతి నవ్వుతూ చెప్పినా నాకు కొంచెం సిగ్గేసింది. ఆ మూడేళ్లూ నేనిచ్చిన వర్క్‌షీట్లన్నీ ఒకే ఫాంటులో ఉన్నాయి మరి.

జర్మన్ విషయంలో ఈ చిక్కు రాదు, ఎందుకంటే అక్కడ బడి నేర్పని దాన్ని వీధి నేర్పేస్తుంది. మందుల షాపు ముందు ఎర్రగా నిలబడే 'ఆ' అక్షరం పాత ఫ్రాక్టూర్ లిపిలో ఉంటుంది. 1941లో నాజీ ప్రభుత్వం ఆ లిపిని పక్కన పెట్టించింది కాబట్టి ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో అది కనిపించదు. అయినా మన పిల్లలందరూ దాన్ని గుర్తుపడతారు. ఆటోబాన్ బోర్డుల మీది అక్షరం డిన్ 1451 అనే ప్రమాణం ప్రకారం గీసింది. కారు నంబరు ప్లేట్ల అక్షరాలది ఇంకో కథ. ఓఫెన్‌బాఖ్‌కి చెందిన కార్ల్‌గియోర్గ్ హోఫర్ వాటిని కావాలనే కాస్త వంకర టింకరగా రూపొందించాడు. నల్ల రంగుతో ఒక గీత చేర్చి 'పి'ని 'ఆర్' చేయడం, 3ని 8 చేయడం కుదరకూడదని. 2000 నుంచి కొత్త ప్లేట్లకి అదే తప్పనిసరి. ఈ సంగతి చెప్పి పిల్లల్ని పార్కింగ్‌లోకి తీసుకెళ్లి చూడండి, పావుగంటసేపు మీతో పనే ఉండదు.

తెలుగుకి ఇక్కడ అలాంటి వీధి లేదు. మహా అయితే ఉగాది ఫంక్షన్ బ్యానరు, పచ్చడి సీసా మీది లేబులు. కాబట్టి ఆ వీధిని మనమే క్లాసులోకి తేవాలి.

దానికి మంచి మొదలు జర్మనీలోనే ఉంది. చాలామంది తల్లిదండ్రులకి ఇది తెలియదు, నాకూ ఇక్కడికొచ్చిన చాలా ఏళ్లకి గానీ తెలియలేదు: తెలుగు అక్షరాలతో అచ్చయిన తొలి పుస్తకాలు పుట్టింది మద్రాసులో కాదు, హాలె పట్టణంలో. బెంజమిన్ షుల్జె అనే మిషనరీ 1719లో తరంగంబాడి చేరి, తర్వాత మద్రాసులో ఉంటూ తెలుగు నేర్చుకున్నాడు. 1728లో తెలుగుకి ఒక వ్యాకరణం రాశాడు. 1743లో జర్మనీకి తిరిగొచ్చి, హాలెలోని ఫ్రాంకె సంస్థల్లో 1746, 1747ల్లో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. 'నూరు జ్ఞాన వచనములు' వాటిలో ఒకటి. అవన్నీ క్రైస్తవ బోధనకి వేసినవి. పిల్లలకి ఆ మాట దాచకుండా చెప్పండి. ఆ బోధన మన పాఠం కాదు, అక్షరం అచ్చెక్కిన తీరు మన పాఠం. ఇంతకీ ఆయన తెలుగుని 'వారుగు' భాష అని కూడా పిలిచాడు. తమిళులు మనల్ని 'వడుగర్' అనేవారు, ఆ 'వడుగు'కి వచ్చిన జర్మన్ ఉచ్చారణ అది.

ఆ తర్వాత, 1748లో, లైప్‌చిష్‌లో ఒక ముచ్చటైన పుస్తకం వచ్చింది. యోహాన్ ఫ్రీడ్రిష్ ఫ్రిట్స్ పేరుతో వెలువడిన 'ప్రాచ్య పాశ్చాత్య భాషా గురువు'. వంద లిపుల అక్షరమాలలు, రెండు వందల భాషల్లో ఒకే ప్రార్థన. షుల్జె దానికి ముందుమాట రాశాడు. చదివి అర్థం చేసుకోవడానికి కాకుండా, లోకంలో ఎన్ని రకాల అక్షరాలున్నాయో చూసి ఆశ్చర్యపోవడానికి వేసిన పుస్తకం అనిపిస్తుంది నాకు. అలాంటి పుస్తకం ఒకటి మన పిల్లలూ తయారుచేయొచ్చు. ఎలాగో కింద చెబుతాను.

ముందు అచ్చు కష్టం గురించి రెండు మాటలు. జర్మన్‌కి సీసపు అక్షరాలు పోతపోస్తే పెద్దవి, చిన్నవి, అంకెలు, గుర్తులు, అంతే. తెలుగుకి ప్రతి హల్లుకీ గుణింతం, పైగా వత్తులు, ఆ వత్తులు వరస కిందికి దిగాలి. ఈ సంగతి బోర్డు మీద గీసి చూపిస్తే పెద్ద క్లాసు పిల్లలకి గుణింతం ఎందుకు కష్టమో తేటగా తెలుస్తుంది. "నువ్వు మొద్దువి కావురా, ఆ కంపోజిటరు కూడా తల పట్టుకున్నాడు" అని చెప్పడం నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఇక మన వర్క్‌షీట్ల సంగతి. తెలుగు అక్షరాల్లో తేడా చాలా చోట్ల ఒక చుక్కలోనో గీతలోనో ఉంటుంది. సున్నాకి తలకట్టు పెడితే ర, దాని లోపల చుక్క పెడితే ఠ. ద కింద నిలువు గీత గీస్తే ధ, ఆ ధ మధ్యలో చుక్క పెడితే థ. డ-ఢ, చ-ఛ, ప-ఫ కూడా ఆ కింది గీతతోనే వేరవుతాయి. లావు ఫాంటుని చిన్న సైజులో వాడితే ఆ గీత పొట్టలో కలిసిపోతుంది. పిల్ల 'ధనం'ని 'దనం' అని చదివితే తప్పు పిల్లది కాదు, ప్రింటవుటుది. అందుకని కొత్తగా నేర్చుకునేవాళ్లకి పెద్ద సైజు, సన్నటి ఫాంటు వాడండి. గూగుల్ ఫాంట్లలో సిలికానాంధ్ర ద్వారా విడుదలైన తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పాఠానికి 'మండలి' హాయిగా ఉంటుంది. 'రామభద్ర' లావుగా ఉంటుంది, శీర్షికలకే వాడండి. 'రవిప్రకాశ్' అలంకారాల ఫాంటు, పండగ పోస్టర్లకి బాగుంటుంది. పెద్దన, తిమ్మన, సూరన, ధూర్జటి, గిడుగు, గురజాడ, అందరూ ఆ మెనూలో ఉన్నారు. సాహిత్య చరిత్ర పాఠం వద్దని పారిపోయే పిల్లలు ఫాంటు మెనూలో ఈ పేర్లు చూసి "వీళ్లెవరు?" అని వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

ఒక జాగ్రత్త. కొన్ని డిజైన్ ప్రోగ్రాముల్లో వత్తు కిందికి దిగదు, 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయిపోతుంది. ప్రింటు తీసేముందు వత్తులున్న మాటలు ఒక్కసారి కళ్లతో చూసుకోండి. బ్యానరు షాపువాళ్లకి తెలుగు రాదు, తప్పయినా వాళ్లు చెప్పరు.

రెండో ఏడాది నుంచి అదే మాటని మూడు నాలుగు రూపాల్లో చూపించండి: సన్నటి ఫాంటు, లావు ఫాంటు, బాపు చేతిరాత, అమ్మమ్మ రాసిన ఉత్తరం. అమ్మమ్మ ఉత్తరం అన్నిటికన్నా కష్టం, అందుకే చివర్లో పెట్టండి. ఇంట్లో ఈశ్వర్ గారి 'సినిమా పోస్టర్' పుస్తకం ఉన్నవాళ్లు ఒకరోజు క్లాసుకి తెండి. 1967లో బాపు తీసిన 'సాక్షి'తో మొదలుపెట్టి ఎన్నో సినిమాలకి పోస్టర్లు గీసిన ఆయన అందులో ఆ కళ గురించి రాశారు. సినిమా పేరు రాసిన తీరు చూసి అది నవ్వించే కథో, కొట్లాట కథో పిల్లల్ని ఊహించమనండి. చదవడం రానివాళ్లు కూడా సగం సరిగ్గా చెబుతారు. అక్షరానికి గొంతు ఉంటుందని అక్కడ వాళ్లకి అర్థమవుతుంది.

ఇప్పుడు పిల్లల పుస్తకం. వేసవి సెలవులకి ఊరు వెళ్లే ప్రతి ఇంటికీ ఒక పని: ఇరవై బోర్డుల ఫోటోలు. కిరాణా కొట్టు, టిఫిన్ సెంటరు, లారీ వెనకాల రాతలు, గోడ మీది ఎన్నికల రాతలు, బస్సు బోర్డులు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెతో రాసేవాళ్లకి పని తగ్గిపోయింది కాబట్టి చేత్తో రాసిన వాటిని ముందు తీయమనండి. పెయింటరు ఎదురైతే పలకరించి, తలకట్టు ముందు పెడతారా చివర పెడతారా అని అడగమనండి. ఊరు వెళ్లనివాళ్లు ఇక్కడి వీధిలో జర్మన్ అక్షరాలు తీస్తారు. మనుషుల ముఖాలు, కారు ప్లేట్లు ఉన్న ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

సెప్టెంబరులో ఎడమ పేజీలో జర్మన్ బోర్డు, కుడి పేజీలో తెలుగు బోర్డు అంటించి, కింద పిల్ల తన చేత్తో ఆ మాట రాయాలి. అది ఏ ఊరు, ఏ వీధి, ఎవరు చదివి చెప్పారు అన్నది కూడా రాయాలి. తప్పులు దిద్దొద్దు, పక్కన పెన్సిలుతో సరైన రూపం రాస్తే చాలు.

వీలైతే ఒక శనివారం హాలె వెళ్లండి. లైప్‌చిష్ నుంచి రైల్లో అరగంట, బెర్లిన్ నుంచి గంట పైచిలుకు. ఫ్రాంకె సంస్థల పాత అనాథాశ్రమ భవనం ఇంకా నిలబడి ఉంది, వాళ్ల ఆర్కైవులో దక్షిణాది తాళపత్రాలూ ఉన్నాయి. దూరం అనుకునేవాళ్లకి మైన్స్‌లో 1900లో పెట్టిన గూటెన్‌బెర్గ్ మ్యూజియం ఉంది. బయల్దేరే ముందు ఏ గదులు తెరిచి ఉంటాయో ఫోన్ చేసి కనుక్కోండి. పిల్లల పుస్తకం కూడా వెంట పెట్టుకెళ్లండి, రైల్లో పక్క సీటువాళ్లు తప్పకుండా అడుగుతారు అదేం లిపి అని.