చేతిపనియు, చేయూతయు

కోటివిద్యలు కూటికొరకే యని పెద్దలు చెప్పుదురు. కాని వీధిలో పెరిగిన బిడ్డకు కూడు సంపాదించు విద్యను ఒకరు నేర్పనక్కరలేదు. రైలుబోగీలు ఊడ్చి చేయి చాచుట, ఖాళీసీసాలు ఏరి అమ్ముట, హోటలులో బల్లలు తుడుచుట పదేండ్లు నిండకమునుపే వానికి వచ్చును. వానికి రానిది వేరొకటి కలదు. అది రేపటిని నమ్ముట. నేడు దొరికిన డబ్బు రాత్రి దాచుకొన్నచో తెల్లవారునప్పటికి జేబులో ఉండదు. కావున వాడు దానిని నేడే ఖర్చుచేయును. అది దుబారా కాదు, అనుభవము నేర్పిన జాగ్రత్త. అట్టివానిని ఒక ఏడాది కూర్చుండి పని నేర్చుకొమ్మనుట ఎంత కష్టమో గ్రహించినగాని వృత్తివిద్య యను మాటకు అర్థము తెలియదు.

తిరువూరు ప్రాంతమునందలి రెడ్డిగూడెము మామిడితోటల సీమ. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడువరకు ఇది కృష్ణాజిల్లాలోనిది. ఇట్టి పల్లెలనుండి ఇంటి తగవులకో, తండ్రి తాగుడునకో, బడిలోని దెబ్బలకో వెరచి బస్సెక్కిన పిల్లవాడు చేరునది విజయవాడ. అచ్చట చెన్నై, హైదరాబాదు, హౌరా మార్గములు కలియును. అంత పెద్ద జంక్షనులో తప్పిపోవుట తేలిక, తిరిగి బయటపడుట కష్టము.

ఆ నగరముననే 1989లో డాన్ బోస్కో సలేషియను సభవారు నవజీవన్ బాలభవనమును ప్రారంభించిరి. పిల్లలు తిరుగు చోటికే పోయి స్నేహము చేయుట, ఆశ్రయమిచ్చుట, ఇల్లున్నవానిని ఇంటికి, చదువదగినవానిని బడికి పంపుట, వయసు మీరినవానికి చేతిపని నేర్పుట ఇట్టి సంస్థల క్రమము. ఈ సభకు మూలపురుషుడైన డాన్ బోస్కో (1815–1888) ఇటలీ దేశమున ట్యూరిన్ నగరములో వీధులపాలైన బాలురను చేరదీసినవాడు. 1853లో ఆయన చెప్పులు కుట్టుపని, దర్జీపని నేర్పు శాలలు పెట్టెను. పిదప పుస్తకముల బైండింగు, వడ్రంగము, ముద్రణము చేరినవి. అంతకుముందే 1852లో ఒక బాలుని వడ్రంగియొద్ద చేర్చుచు స్టాంపుకాగితముపై ఒడంబడిక వ్రాయించెను. యజమాని పని నేర్పవలెను. తప్పుచేసినచో మాటతోనే దిద్దవలెను, చేయిచేసికొనరాదు. వృత్తికి సంబంధింపని చాకిరి చేయింపరాదు. పండుగదినములలో బాలునికి విడుపు ఈయవలెను. నూటడెబ్బదియేండ్లు గడచినను, మన మెకానిక్ షెడ్లలో ఎన్నింట ఈ షరతులు చెల్లుచున్నవో చదువరులే యోచింపవలెను. పని నేర్పుట వేరు, పని నేర్పుచున్నామను పేర బాలుని చాకిరికి వాడుకొనుట వేరు. 2016 సవరణతో 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనుటయు, 18 ఏండ్లలోపువారిని ప్రమాదకరములైన పనులలో నియమించుటయు చట్టము నిషేధించినది.

మన దేశమున వృత్తి తండ్రినుండి కొడుకునకు వచ్చినది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కుట, చింతగింజల జిగురుతో అతుకుట బొమ్మలవాని బిడ్డ ఇంటి అరుగుమీదనే నేర్చుకొనును. వానికి పనితోబాటు ఉలియు, బేరగాడును, ఫలానావాని కొడుకను పరిచయమును దక్కును. వీధిబిడ్డ ఎంత చక్కగా పని నేర్చినను ఈ మూడును లేవు. పనికి పోయినచోట మొదటి ప్రశ్న “ఎవరబ్బాయివి?” అని. అద్దె ఇంటివారు అడుగునదియు అదే. ఆ ప్రశ్నకు జవాబు లేక, చేతిలో సర్టిఫికెట్టు ఉండియు మరల ప్లాట్‌ఫారము చేరువాడు పని రానివాడు కాడు, పూచీపడువాడు లేనివాడు. ఆడపిల్ల విషయమున ఈ ప్రశ్న మరింత కఠినము. ఒంటరిగా గది అద్దెకడిగిన పిల్లను లోకము అనుమానముతోనే చూచును.

2015 నాటి బాలన్యాయ చట్టము 18 ఏండ్లు నిండి సంరక్షణాలయమును విడుచువారికి 21 ఏండ్లవరకు అనంతర సంరక్షణ కల్పింపవచ్చునని చెప్పినది. మంచి మాట. మన ఇండ్లలో ఏ తల్లియు పదునెనిమిదవ పుట్టినరోజున బిడ్డను వాకిట నిలిపి తలుపు మూయదు. మొదటి జీతము వచ్చువరకు తిండి, పనిముట్ల పెట్టె, బ్యాంకులో ఖాతా, ఉద్యోగము పోయిననాడు తిరిగి రాదగిన ఒక గుమ్మము – ఇవి లేనిదే శిక్షణ సగములో ఆగినట్లే.

ఇందు పల్లెలకును పాలు కలదు. రెడ్డిగూడెమువంటి చోట్ల తోటల నడుమ బోరుమోటారు కాలినచో రైతు నాలుగుదినములు కాచుకొనవలసివచ్చును. మోటారు విప్పి, పాతతీగ తీసి, చుట్లు లెక్కపెట్టి కొత్త రాగితీగ చుట్టుట ఓర్పుగల పని. చుట్ల లెక్క తప్పిన మోటారు మరల కాలును. నిన్నమొన్నటివరకు రేపటిని నమ్మనివానికి ఓర్పు నేర్పుటకు ఇంతకన్న మంచి గురువు లేదు. ట్రాక్టరు మరమ్మతు, డ్రిప్పు గొట్టముల అమరిక, కుట్టుపని మున్నగునవియు అట్టివే. నగరమునకు పారిపోయిన బిడ్డ పనివాడై పల్లెకు తిరిగివచ్చుటకు ఇదియొక త్రోవ.

దానము చేయువారు మనలో కొందరు కలరు. ఒక్కపూట అన్నము పెట్టుటకు ధనము చాలును. పూచీపడుటకు మనసు కావలెను. షెడ్డు యజమానియో, ఇంటి యజమానియో ముందుకు వచ్చి “ఈ పిల్లవాని మంచిచెడ్డలు నేను చూచుకొందును” అని చెప్పగలిగిననాడు, ఎవరబ్బాయివను ప్రశ్నకు ఆ బిడ్డ తలవంచుకొనక బదులు చెప్పగలడు.