పర్లాకిమిడి పంతులుగారు

ఆగస్టు 29కీ సెప్టెంబరు 5కీ మధ్య వారమే తేడా. మొదటి రోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకొని గిడుగు రామమూర్తిగారి ఫొటోకు దండ వేస్తాం. రెండో రోజున సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫొటోకు దండ వేసి, ఊళ్లోని మాస్టార్లను వేదికెక్కించి శాలువాలు కప్పుతాం. మొదటి ఫొటోలో ఉన్నాయన కూడా బడిపంతులేనన్న సంగతి ఆ వారం రోజుల్లో ఎవరికీ పెద్దగా గుర్తుకు రాదు. గిడుగును భాషోద్యమకారుడు అంటాం, వ్యవహారవాది అంటాం. జీతం తీసుకుని ఆయన చేసిన పని మాత్రం ముప్పయ్యేళ్లపాటు పిల్లలకు పాఠం చెప్పడమే. పండితులతో ఆయన చేసిన యుద్ధమంతా ఆ తరగతి గదిలో పుట్టిందే.

1863లో వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టాడాయన. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. విజయనగరం మహారాజావారి స్కూల్లో గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్ గట్టెక్కి, ఆ మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతానికి చేరాడు. చిన్న తరగతికి చరిత్ర చెప్పే ఉద్యోగం. పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తిచేశాడు. ఇంతవరకూ ఆ కాలపు ఎందరో మాస్టార్ల కథ ఇదే.

తేడా ఎక్కడంటే, ఆయన బడి ప్రహరీ బయటికి చూశాడు. పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. వాళ్లు పట్నానికి దిగివస్తే వాళ్ల మాట ఎవరికీ అర్థం కాదు, పట్నం మాట వాళ్లకు అర్థం కాదు. మధ్యలో బేరగాళ్లకూ దుబాసీలకూ పండగ. సవర పిల్లలకు చదువు చెప్పాలని గిడుగుకు అనిపించింది. అలా అనిపించడం గొప్పేమీ కాదు, చాలామందికి అనిపిస్తుంది. వెంటనే తెలుగు వాచకం పట్టుకుని కొండెక్కకపోవడం గొప్ప. ముందు తాను వాళ్ల దగ్గర విద్యార్థిగా కూర్చోవాలనుకున్నాడు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ల తరబడి ఆ భాష నేర్చుకున్నాడు.

సవర భాషకు తెలుగుతో చుట్టరికం లేదు. అది ముండా కుటుంబానికి చెందినది. అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. గొంతు బిగబట్టి పలికే ధ్వనులున్నాయి; మన అక్షరాలకు అవి చిక్కవు. వాటిని పట్టుకోవడానికి ఆయన ధ్వనిశాస్త్రం చదువుకున్నాడు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. మింగిన క్వినైన్ వల్లే ఆయనకు చెముడు వచ్చిందని చెబుతారు. ధ్వనుల కోసం తిరిగిన మనిషి చెవులు పోగొట్టుకోవడం ఎంత దారుణమో చూడండి. అయినా పని ఆపలేదు.

వాచకాలు, కథలు, పాటలు, తెలుగు-సవర, సవర-తెలుగు నిఘంటువులు తయారుచేశాడు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, వాటిలో పాఠాలు చెప్పేవాళ్లకు తానే జీతాలిచ్చాడు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను అచ్చువేయించి పారితోషికం ఇవ్వబోయింది. వద్దన్నాడు. ఆ డబ్బుతో మంచి బడి పెట్టండి, అందులో నా పుస్తకాలు వాడుకోండి అన్నాడు. ఆ తర్వాత ప్రభుత్వం బిరుదిచ్చింది, 1930ల్లో కైజర్-ఇ-హింద్ పతకమూ ఇచ్చింది. సవర వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో వెలువడింది. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గరపడ్డాయి.

గదిలో మొదలైన తగువు

ఇంత పని చేసిన మనిషికి తన తెలుగు తరగతి ఎలా కనిపించి ఉంటుంది? సవర పిల్లాడికి సవరలో చదువు చెప్పడం న్యాయమైతే తెలుగు పిల్లాడి సంగతేమిటి? వాడు ఇంట్లో మాట్లాడే తెలుగు బళ్లో తప్పు. బళ్లో రాయాల్సిన తెలుగు వాడు ఎక్కడా వినడు. మాస్టారు పాఠం వివరించేటప్పుడు మామూలుగానే మాట్లాడతాడు, దిద్దేటప్పుడు మాత్రం గ్రాంథికం తప్పిందని మార్కులు కోస్తాడు. పిల్లాడు విషయం తెలిసి కూడా ఫెయిలవుతాడు.

ఆ రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ వచ్చాడు. పిల్లలకు వాళ్లు మాట్లాడే తెలుగు ఎందుకు నేర్పరన్నది ఆయన సందేహం. ఆ ఇంగ్లీషు దొరతో పాటు విశాఖపట్నంలో ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఒక జట్టయ్యారు. స్కూలు ఫైనల్ వ్యాసం ఆధునిక భాషలోనూ రాయొచ్చన్న వెసులుబాటు 1912-13లో వచ్చింది. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచింది. ఒకటి రెండేళ్లలోనే ఆ వెసులుబాటు పోయింది. గురజాడ 1915లో కన్నుమూశాడు.

ఇక్కడ సర్కారువారి తీరు గమనించండి. ఒక చేత్తో పంతులుగారికి బిరుదు ఇచ్చారు. దాదాపు అదే కాలంలో ఇంకో చేత్తో ఆయన పిల్లల కోసం అడిగినదాన్ని కొట్టేశారు. ఉపాధ్యాయుణ్ని గౌరవించడం అనే మాటకు మన దేశంలో చాలాకాలంగా ఉన్న అర్థం ఇదే.

గిడుగు అప్పటికే రిటైరయ్యాడు. ఇక ఊళ్లు పట్టుకుని తిరిగాడు. తాళపత్రాలు తిరగేసి, పూర్వులు వచనంలో వాడుక రూపాలు రాశారని చూపించాడు. గ్రాంథికం కోసం పోరాడే పండితులు తాము రాసిన గ్రాంథికంలోనే చేసిన తప్పులు ఏరి, పుస్తకమే వేశాడు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టి ఏడాదిపాటు నడిపాడు. అదే ఏడు ఏర్పడ్డ వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడు. ఆయన కూడా ఒకప్పటి బడిపంతులే, ఒకప్పటి గ్రాంథికవాదే. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే, దశాబ్దాలు బతికిన ఆ ఊరిని వదిలి గిడుగు రాజమండ్రి చేరుకున్నాడు. 1940 జనవరి 22న కన్నుమూసేనాటికి బడుల్లో గ్రాంథికమే రాజ్యమేలుతోంది.

మరి గెలుపు ఎలా వచ్చింది? శిష్యుల వల్ల. పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లలో తాపీ ధర్మారావు ఒకరు. ఆ శిష్యుడే తర్వాత పత్రికా సంపాదకుడై వాడుక తెలుగును పత్రికల్లోకి ధైర్యంగా తెచ్చాడు. కొడుకు గిడుగు సీతాపతి సవర భాష పనిని కొనసాగించాడు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కాలేజీ పుస్తకాలు వాడుక భాషలో అచ్చేసింది. ఈ ఆదివారం మీరు ఈ కథనాన్ని నిఘంటువు పక్కన పెట్టుకోకుండా చదువుతున్నారంటే ఆ పర్లాకిమిడి తరగతి గదికి అందులో వాటా ఉంది.

అదే తరంలో ఇలాంటి గురువులు ఇంకా ఉన్నారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలు. దళిత విద్యార్థులకు హాస్టల్ ఉండాలని పట్టుబట్టి సాధించిన మనిషి. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పాఠం విన్న పిల్లల్లో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నాడు. ఒక్కొక్కరి గురించీ ఒక ముఖచిత్ర కథనం రాయవచ్చు.

ఇప్పటి మాట

జాతీయ ఉపాధ్యాయ అవార్డులు 1958లో మొదలయ్యాయి. 2018 నుంచి ఆ అవార్డుకు మాస్టారే ఆన్‌లైన్‌లో తన పేరు తాను ప్రతిపాదించుకోవచ్చు. పారదర్శకత పేరుతో వచ్చిన మార్పే, తప్పుపట్టలేం. కాకపోతే గిడుగులాంటి వాళ్లు ఆ ఫారం నింపుతారా అన్నది నా అనుమానం.

సవర పిల్లల విషయానికొస్తే, 2000 దశకం మధ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది: సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామి, బంజారా. తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఆ పుస్తకాలు చదివించాలంటే ఆ భాష వచ్చిన మనిషి బళ్లో ఉండాలి కదా! ఆ పనికి ఆయా తెగల యువతీయువకులను వాలంటీర్లుగా పెట్టుకున్నారు. వాలంటీరు అంటే గౌరవ వేతనం, ఏటేటా రెన్యువల్, ఎప్పుడు పోతుందో తెలియని కొలువు. పర్లాకిమిడి పంతులుగారు సొంత జేబులోంచి జీతాలిచ్చిన పనికి ప్రభుత్వాలు శాశ్వత పోస్టులు ఇవ్వలేవంటే నమ్మడం కష్టం.

కాబట్టి ఈ సెప్టెంబరు 5న మీ ఊరి బళ్లో సన్మానం జరిగితే వెళ్లండి. చప్పట్లు కొట్టండి. సభ అయ్యాక మాస్టారిని పక్కకు పిలిచి, ‘ఈ బడికి ఏం కావాలండీ?’ అని అడగండి. ఆయన చెప్పింది కాగితం మీద రాసుకుని తల్లిదండ్రుల కమిటీలో పెట్టండి, పంచాయతీలో పెట్టండి, పనయ్యేదాకా తిరగండి. మన్యంలో పనిచేసే అధికారులైతే, సవర వచ్చిన మాస్టారికి సవర బళ్లో పర్మనెంట్ పోస్టు ఇప్పించండి.